లైను మార్చిన రోజును లెక్కలో రాయండి: మార్చుకోగల ఉత్పత్తి వ్యవస్థ పనితీరు కొలిచే పద్ధతి

జనవరి నెలాఖరు వచ్చిందంటే భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఫ్యాబ్రికేషన్ షెడ్లలో పని రకం మారిపోతుంది. అప్పటిదాకా సార్వా ధాన్యం ఆడే మిల్లులకు ఎలివేటర్ బకెట్లు, కన్వేయర్ ముక్కలు చేసిన చోటే ఎండాకాలం రొయ్యల పంట కోసం ఏరేటర్ (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రం) ఫ్రేములు మొదలవుతాయి. షెడ్డు అదే, మనుషులు వాళ్లే, యంత్రాలు చాలావరకు అవే. వాటి స్థానాలూ, వాటికి బిగించే జిగ్గులూ (ముక్కను సరైన చోట పట్టి ఉంచే చట్రాలు), పని వరుసా మాత్రం మారతాయి. చాలా చోట్ల ఓనరు అడిగే ప్రశ్న మాత్రం ఏడాది పొడుగునా ఒకటే: "రోజుకి ఎన్ని దిగుతున్నాయి?"

ఒకే సరుకు ఏడాదంతా చేసే లైనుకి ఆ ప్రశ్న సరిపోతుంది. మార్చుకుంటూ నడిపే లైనుకి సరిపోదు. రోజుకి 32 ఫ్రేములు దించే లైను రకం మారిన ప్రతిసారీ మూడు రోజులు తడబడుతుంటే, ఆ 32 అనే అంకె మీకు సగం సంగతే చెబుతుంది. మిగతా సగం ఎలా కొలవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. గోడ గడియారం, గీతల పుస్తకం, ఫోనులోని కాలిక్యులేటర్ చాలు.

ముందు పేరు సంగతి. ఇలాంటి వాటిని రీకాన్ఫిగరబుల్ మాన్యుఫ్యాక్చరింగ్ సిస్టమ్స్ అంటారు, పొట్టిగా ఆర్‌ఎంఎస్. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో యోరం కోరెన్ నాయకత్వంలో 1996లో దీని కోసం ఒక పరిశోధన కేంద్రం మొదలైంది. 1999లో ఆయన బృందం రాసిన పత్రంతో ఈ పేరు ప్రపంచమంతా పాకింది. ఒకే వస్తువుకి కట్టిన లైను చవకగా నడుస్తుంది కానీ వస్తువు మారితే మూలన పడుతుంది. ఏదైనా చేయగల సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) యంత్రాల వ్యవస్థ దేనికైనా పనికొస్తుంది కానీ అందులో మీరు వాడని సత్తాకి కూడా డబ్బు కట్టాలి. ఈ రెండింటి మధ్య, ఒకదానికొకటి పోలికున్న వస్తువులకు సరిపడా సత్తా పెట్టుకుని, గిరాకీని బట్టి భాగాలు విప్పి బిగించుకునే వ్యవస్థే ఆర్‌ఎంఎస్. వాళ్లు ఆలోచించింది కారు ఇంజిన్ల గురించి. అయినా రెండు చక్రాల ఏరేటర్, నాలుగు చక్రాల ఏరేటర్ ఒకే లైను మీద మార్చి మార్చి చేసే మన షెడ్డుకి కూడా అదే లెక్క వర్తిస్తుంది.

మొదటి మెట్టు: అమరికను కాగితం మీద పెట్టండి

కొలవబోయేది ఏమిటో ముందు గీయాలి. షెడ్డు నేల పటం గీసి, అందులో కటింగ్, డ్రిల్లింగ్, వెల్డింగ్ బూతులు, గ్రైండింగ్, అసెంబ్లీ ఎక్కడెక్కడ ఉన్నాయో పెట్టండి. సరుకు ఏ దారిలో నడుస్తుందో బాణాలు వేయండి. ఒక్కో వస్తువుకి ఒక్కో పటం. వాటికి నంబర్లు ఇవ్వండి: అమరిక 1, అమరిక 2, అమరిక 3. ఇక నుంచి రాసే ప్రతి అంకె పక్కన ఈ నంబరు ఉండాలి. "మార్చిలో బాగా దిగాయి" అంటే అర్థం లేదు, "అమరిక 2 మీద గంటకి నాలుగు దిగాయి" అంటే ఉంది.

ఈ పటంలో యంత్రాలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయా, పక్కపక్కన ఉన్నాయా అన్నది చాలా ముఖ్యం. ఒక్కోటి 90 శాతం సమయం పనిచేసే నాలుగు యంత్రాలు మీ దగ్గర ఉన్నాయనుకోండి. నాలుగింటినీ ఒకే వరుసలో పెట్టి, మధ్యలో సరుకు నిల్వ లేకుండా నడిపితే, ఏది ఆగినా అన్నీ ఆగుతాయి. 0.9ని నాలుగుసార్లు గుణిస్తే 0.656. అంటే లైను మూడింట రెండొంతుల సమయమే నడుస్తుంది. అవే నాలుగింటిని రెండేసి చొప్పున రెండు చిన్న వరుసలుగా విడదీస్తే ఒక్కో వరుస 0.81. ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది, సగటున పూర్తి కెపాసిటీలో 81 శాతం చేతికొస్తుంది. యంత్రాలు మారలేదు, కొత్తగా కొన్నదీ లేదు. అందుకే అమరిక రాయకుండా అంకెలు మాత్రమే రాస్తే ఆ పుస్తకం తర్వాత ఎందుకూ పనికిరాదు.

పటం కింద ఇంకో రెండు విషయాలు రాయండి. ఈ అమరికలో వాడే మాడ్యూళ్లు (విప్పి బిగించుకునే భాగాలు) ఎన్ని, వేరే అమరికకి వెళ్లినప్పుడు వాటిలో కదలకుండా ఉండేవి ఎన్ని. 12లో 9 కదలకపోతే 75 శాతం. జిగ్గు పలకలన్నిటికీ బోల్టు రంధ్రాల దూరం ఒకటే ఉంచితే ఈ శాతం దానంతట అదే పెరుగుతుంది.

రెండో మెట్టు: నాలుగు టైములు

మొత్తం పద్ధతికి ఇదే గుండెకాయ. మిగతావన్నీ వదిలేసినా ఇది మాత్రం వదలకండి. లైను మార్చిన ప్రతిసారీ ఈ నాలుగు టైములు రాయాలి.

ఒకటి, పాత రకం చివరి మంచి పీస్ దిగిన టైము.
రెండు, యంత్రాలు, జిగ్గులు మార్చి బోల్టులు బిగించడం పూర్తయిన టైము.
మూడు, కొత్త రకం మొదటి మంచి పీస్ దిగిన టైము.
నాలుగు, లైను కుదురుకున్న టైము.

మొదటి మూడింటి దగ్గర పేచీ రాదు. నాలుగోదాని దగ్గరే వస్తుంది. "కుదురుకుంది" అంటే ఏమిటో ముందే రాసి గోడకి అతికించాలి, లేకపోతే ఒకరు సోమవారం సాయంత్రమే కుదురుకుందంటారు, ఇంకొకరు గురువారం అంటారు. నేను వాడే కొలత ఇది: వరసగా మూడు పని గంటలు అనుకున్న రేటులో 95 శాతానికి తగ్గకుండా మంచి పీసులు దిగాలి. ఆ మూడు గంటలు ఎప్పుడు మొదలయ్యాయో అదే నాలుగో టైము. మీ వస్తువు పెద్దదై గంటకి ఒకటే దిగితే మూడు గంటలు చాలవు, పూర్తి షిఫ్టు పెట్టుకోండి.

ఒకటి నుంచి మూడు దాకా మార్పు సమయం. మూడు నుంచి నాలుగు దాకా పుంజుకునే సమయం. మార్పు సమయాన్ని అందరూ చూస్తారు, ఎందుకంటే అప్పుడు షెడ్డు నిశ్శబ్దంగా ఉంటుంది. పుంజుకునే సమయాన్ని ఎవరూ చూడరు. యంత్రాలు మోగుతూనే ఉంటాయి, మనుషులు చెమటోడుస్తూనే ఉంటారు, కానీ దిగాల్సినన్ని దిగవు. అసలు నష్టం ఎక్కువగా అక్కడే ఉంటుంది.

ఉదాహరణ చూద్దాం. షెడ్డు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా, మధ్యాహ్నం 1 నుంచి 2 దాకా భోజనం, రోజుకి 8 పని గంటలు. నాలుగు చక్రాల ఫ్రేము నుంచి రెండు చక్రాల ఫ్రేముకి మారుతున్నారు. అనుకున్న రేటు గంటకి 4. పాత రకం చివరి పీస్ సోమవారం 10 గంటలకి దిగింది. బోల్టులు 3 గంటలకి బిగించారు. కొత్త రకం మొదటి మంచి పీస్ 4 గంటలకి వచ్చింది. భోజనం తీసేస్తే మార్పు సమయం 5 పని గంటలు. ఆ తర్వాత సోమవారం మిగిలిన 2 గంటల్లో, ఆ మొదటిదానితో కలిపి, 3 ఫ్రేములు దిగాయి. మంగళవారం 8 గంటల్లో 16. బుధవారం ఉదయం 4 గంటల్లో 12. బుధవారం 2 గంటల నుంచి లైను కుదురుకుంది.

ఇప్పుడు నష్టం లెక్క. మార్పు జరిగిన 5 గంటల్లో 20 దిగాల్సింది, ఏమీ దిగలేదు. పుంజుకున్న 14 గంటల్లో 56 దిగాల్సింది, 31 దిగాయి, 25 పోయాయి. మొత్తం పోయినవి 45 ఫ్రేములు. గంటకి 4 చొప్పున చూస్తే ఇది పదకొండుంపావు గంటల పని. ఆఫీసు బోర్డు మీద మాత్రం "లైను మార్పు: 5 గంటలు" అని ఉంటుంది. అందులో కనిపించని ఆ 25 ఫ్రేములు ఎక్కడ పోయాయో తెలియక నెలాఖరున టెన్షన్ పడతారు.

ఈ 45ని మార్పు నష్టం అని పిలవండి. గంటల్లో కాకుండా పీసుల్లో రాయండి. పీసు అంటే డబ్బు అని షెడ్డులో అందరికీ వెంటనే తెలుస్తుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. మార్పుకి ముందు లైను మధ్యలో సగం చేసిన పీసులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం చాలా సులువైనది: లైనులో ఉన్న సరుకుని గంటకి దిగే రేటుతో భాగిస్తే, ఒక పీసు లైను దాటడానికి పట్టే సమయం వస్తుంది. నేల మీద 24 ఫ్రేములుంటే, గంటకి 4 దిగితే, లైను ఖాళీ అవడానికి 6 గంటలు. ఆ 24ని అలాగే మూలకి నెట్టి జిగ్గులు మార్చేస్తే తర్వాత వాటి కోసం మళ్లీ పాత జిగ్గు ఎక్కించాలి. అది రెండో మార్పు అవుతుంది, అది కూడా పుస్తకంలో రాయాల్సిందే.

టైములు ఎవరు రాయాలి? నా అభిప్రాయంలో పని చేసేవాళ్లే రాయాలి. సూపర్‌వైజరు సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసిన టైములన్నీ 10:00, 3:00, 4:00 అని గుండు అంకెల్లో ఉంటాయి. నిజం 10:20, 3:35 అయి ఉంటుంది. కానీ ఇక్కడ ఒక భయం అడ్డొస్తుంది. ఈ పుస్తకం మొదలుపెట్టిన రోజున మా పెద్ద మేస్త్రి నన్ను పక్కకి పిలిచి, "రాస్తే రాస్తామండి బాబూ, కానీ రేపు ఆ కాగితం పట్టుకుని మా జీతం కోయరు కదండీ?" అని అడిగారు. ఆ ప్రశ్నకి ఓనరు చేత అందరి ముందూ జవాబు చెప్పించాను. పుస్తకంలో మనిషి పేరు ఉండదు, అమరిక నంబరు, టైము, కారణం ఉంటాయి. ఆ మాట నిలబెట్టుకోలేమనుకుంటే పుస్తకం మొదలుపెట్టకండి. జీతానికి భయపడి రాసిన టైములు అసలు రాయకపోవడం కంటే చెడ్డవి.

మూడో మెట్టు: కుదురుకున్న రోజు లెక్క

లైను కుదురుకున్నాక ఎంత బాగా నడుస్తోందో చెప్పడానికి ఓఈఈ (ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్) అనే కొలత ఉంది. జపాన్‌లో సెయిచి నకజిమా దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మూడు శాతాలు గుణిస్తే అది వస్తుంది: యంత్రం నడిచిన సమయం ఎంత, నడిచినప్పుడు వేగం ఎంత, దిగినవాటిలో మంచివి ఎన్ని.

రోజుకి 480 నిమిషాలు. 48 నిమిషాలు ఆగింది, 432 నడిచింది, 90 శాతం. ఒక ఫ్రేముకి ఆదర్శ సమయం 12 నిమిషాలు అయితే 432 నిమిషాల్లో 36 దిగాలి. 34 దిగాయి, 94.4 శాతం. అందులో 32 మంచివి, 94.1 శాతం. మూడూ గుణిస్తే 80 శాతం. సరిచూసుకోవడానికి దగ్గరి దారి: 32 మంచి ఫ్రేములను 12తో గుణించి 480తో భాగించండి, అదే 80 వస్తుంది. రాకపోతే ఎక్కడో తప్పు రాశారు.

ఆదర్శ సమయం దగ్గర నిజాయితీ కావాలి. సగటు సమయాన్నే ఆదర్శం అని రాసేస్తే వేగం ఎప్పుడూ నూరు శాతం దగ్గరే కనిపిస్తుంది. మంచి వెల్డరు, మంచి మెటీరియల్, కరెంటు సరిగ్గా ఉన్నప్పుడు పట్టే సమయం తీసుకోండి. కరెంటు కోతను ఆగిన సమయంలో కలపండి, కానీ పక్కన వేరే గుర్తు పెట్టండి. అది యంత్రం తప్పు కాదు, అయినా పోయిన సమయం పోయినట్టే.

నకజిమా చెప్పిన ఆరు నష్టాల్లో సెటప్ మార్పులు, మొదలుపెట్టినప్పుడు పాడయ్యే పీసులు కూడా ఉన్నాయి. అయినా చాలా చోట్ల లైను మార్చిన రోజుని "ప్లాన్ చేసిన ఆపు" అని చెప్పి లెక్కలోంచి తీసేస్తారు. అంకె అందంగా కనిపిస్తుంది. మార్చుకుంటూ బతికే లైనులో అలా తీసేయడం అంటే అసలు పనినే లెక్కలోంచి తీసేయడం. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

నాలుగో మెట్టు: నెల మొత్తం ఒకే గిన్నెలో

నెలకి 25 రోజులు, 200 గంటలు. ఆదర్శంగా గంటకి 5 చొప్పున 1000 ఫ్రేములు. కుదురుకున్న రేటు గంటకి 4 కాబట్టి మార్పులే లేకపోతే 800. ఆ నెలలో నాలుగు మార్పులు జరిగి ఒక్కోదానికి 45 పోతే 180 పోయి 620 మిగులుతాయి. అన్ని రకాలకూ రేటు ఒకటే అనుకుంటే, కుదురుకున్న రోజుల్లో 80 శాతం అనిపించిన లైను నెల మొత్తం మీద 62 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే రాయండి. వాటి మధ్య దూరమే మీ లైనుకి మారే గుణం ఎంత ఉందో చెబుతుంది. 80ని 82 చేయడానికి వెల్డర్లను తొందరపెట్టే బదులు ఆ దూరాన్ని తగ్గించడం మీద మనసు పెడితే ఎక్కువ ఫలితం వస్తుంది.

ఆర్డరు తీసుకునే ముందు కూడా ఈ అంకె పనికొస్తుంది. 300 ఫ్రేముల ఆర్డరుకి 45 పోతే 15 శాతం భారం. 60 ఫ్రేముల ఆర్డరుకి అదే 45 పోతే 75 శాతం. రెండింటికీ ఒకే ధర చెబితే చిన్న ఆర్డరు మీద చేతి డబ్బు పడుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులకు తగిలిన దెబ్బ అందరికీ గుర్తుంది. రైతు చెయ్యి బిగిస్తే పెద్ద ఆర్డర్లు చిన్నవవుతాయి, రకాలు పెరుగుతాయి. అలాంటి రోజుల్లో మార్పు నష్టం తెలియకుండా ధర చెప్పడం చాలా ప్రమాదం.

ఐదో మెట్టు: రాకపోకల పట్టిక

అమరిక 1 నుంచి 2కి మారడానికీ, 2 నుంచి 1కి తిరిగి రావడానికీ ఒకే నష్టం ఉండదు. బరువైన జిగ్గు దించడం తేలిక, ఎక్కించి లెవెల్ చేయడం కష్టం. అందుకని గడుల పట్టిక గీయండి: ఎడమ పక్క "దేన్నుంచి", పైన "దేనికి", గడిలో మార్పు నష్టం పీసుల్లో. మూడు అమరికలుంటే ఆరు గడులు నింపాలి.

ఆరూ నిండాక వరసను చూడండి. 1 నుంచి 3కి నేరుగా వెళ్తే 70 పోయి, 1 నుంచి 2కి 25, 2 నుంచి 3కి 30 పోతుంటే, మధ్యలో 2వ రకం ఆర్డరు ఏదైనా ఉందేమో వెతకండి. ఉంటే 15 ఫ్రేములు మిగిలాయి. వంటింట్లో పప్పు గిన్నెలోనే చారు పెట్టి ఆ తర్వాత పాలు కాయడానికి కడిగినట్టు, ఏ వరసలో చేస్తే కడగడం తగ్గుతుందో అదే వరస.

మార్పు సమయం తగ్గించడానికి జపాన్ ఇంజినీరు షిగెయో షింగో చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది: లైను ఆగినప్పుడు మాత్రమే చేయగల పనులేవి, నడుస్తుండగానే చేసి పెట్టుకోగలవి ఏవి అని విడదీయడం. స్పానర్లు, బోల్టులు, జిగ్గు, గేజీ (కొలత సరిచూసే పనిముట్టు) ముందురోజే ట్రాలీ మీద సర్దిపెట్టుకుంటే మార్పు సమయంలో గణనీయంగా మిగులుతుంది. దాని గురించి చాలామంది రాశారు కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను.

ఆరో మెట్టు: పెంచుకునే మెట్టు ఎంత

గిరాకీ పెరిగినప్పుడు లైను ఎంత చిన్న మెట్టుతో పెరగగలదు? దీనికి కోరెన్, ఆయన సహచరులు ఒక సులువైన కొలత ఇచ్చారు. కెపాసిటీని పెంచగల అతి చిన్న మెట్టుని శాతంలో తీసుకుని నూరులోంచి తీసేయండి. రెండు వెల్డింగ్ బూతులున్న చోట మూడోది పెడితే 50 శాతం పెరుగుతుంది, కొలత 50. నాలుగు చిన్న బూతులుంటే ఐదోది 25 శాతం పెంచుతుంది, కొలత 75. అంకె పెద్దదైతే గిరాకీకి దగ్గరగా నడవగలరన్నమాట.

అయితే ఇక్కడ తొందరపడి మోసపోవడం సులువు. ఒక్కో బూతు గంటకి రెండున్నర ఫ్రేములు వెల్డ్ చేస్తుంది, రెండూ కలిపి 5. డ్రిల్లింగ్ గంటకి 6 చేయగలదు. మూడో బూతు పెడితే వెల్డింగ్ ఏడున్నరకి వెళ్తుంది, కానీ లైను 6 దగ్గర ఆగిపోతుంది. 50 శాతం పెరుగుతుందనుకుంటే 20 శాతమే పెరిగింది. అందుకే ఏ స్టేషను ఎంత చేయగలదో అమరిక పటం మీదే రాసి ఉంచండి. అతి తక్కువ అంకె ఉన్న స్టేషనుకే డబ్బు పెట్టాలి, ఆ తర్వాత తక్కువ అంకె ఎక్కడికి జరిగిందో చూడాలి.

శాతంతో పాటు ఆ మెట్టు ఎక్కడానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా రాయండి. చెరువులో రొయ్య పిల్ల వదిలే సీజనుకి ముందు కావాల్సిన బూతు సీజను మధ్యలో సిద్ధమైతే ఆ మెట్టు ఉన్నా లేనట్టే.

ఏడో మెట్టు: తప్పు ఎంతసేపటికి దొరికింది

కోరెన్ బృందం ఆర్‌ఎంఎస్‌కి చెప్పిన ఆరు లక్షణాల్లో లోపాన్ని తొందరగా పట్టుకోగలగడం ఒకటి. షెడ్లలో దీన్ని ఎవరూ కొలవరు, నేను కూడా చాలా ఏళ్లు కొలవలేదు. ఒక సంఘటన తర్వాత మొదలుపెట్టాను.

నేను పనిచేసిన ఒక యూనిట్‌లో డ్రిల్లింగ్ స్టేషనుని సాయంత్రం కొత్త చోటికి జరిపారు. మొదటి పీసు చూశారు, బాగుంది. రాత్రి షిఫ్టు మొదలైంది. జిగ్గులో ముక్కను సరైన చోట నిలిపే ఒక లొకేటింగ్ పిన్ను సరిగ్గా కూర్చోలేదు, డ్రిల్ అదిరే కొద్దీ అది పక్కకి జరిగింది. రంధ్రాలు 2 మిల్లీమీటర్లు తప్పాయి. వెల్డింగ్ దగ్గర తెలియలేదు, గ్రైండింగ్ దగ్గర తెలియలేదు. పొద్దున అసెంబ్లీ దగ్గర ఫ్లోటు (ఏరేటర్‌ని నీటి మీద తేల్చే భాగం) బోల్టు ఎక్కకపోతే అప్పుడు తెలిసింది. 22 ఫ్రేములు. అప్పటికే కొన్నిటిని బిగించకుండా విడిగానే చెరువుకి పంపించేశారు. గట్టు మీద నిలబడి బోల్టు కొట్టి కొట్టి ఎక్కించాలని చూస్తున్న రైతు ఫోను చేశాడు. గేజీ మాత్రం రాత్రంతా సొరుగులోనే ఉంది.

ఇక్కడ రెండు టైములు కావాలి. తప్పు పుట్టిన క్షణం నుంచి కంటపడిన క్షణం దాకా ఎంత, కంటపడ్డాక కారణం దొరికేదాకా ఎంత. తప్పు ఎప్పుడు పుట్టిందో తెలియాలంటే పీసుల మీద వరస నంబరు ఉండాలి, పెయింట్ పెన్నుతో రాసినా చాలు. మొదటి టైము ఎక్కువైతే తనిఖీ ఆలస్యంగా జరుగుతోంది. రెండోది ఎక్కువైతే అమరిక పటం, మార్పు పుస్తకం సరిగ్గా లేవు. రెండూ కలిపి చూస్తే మందు ఎక్కడ వేయాలో తెలియదు, విడివిడిగా రాయండి.

మార్పు తర్వాత మొదటి ఐదు పీసులు ప్రతి ఒక్కటీ గేజీతో చూడండి. ఆ తర్వాత లైను కుదురుకునేదాకా ప్రతి ఐదోది. మొదటి పీసు బాగుంటే సరిపోతుందన్న నమ్మకమే ఆ 22 ఫ్రేములనీ పాడుచేసింది.

మన డెల్టా షెడ్లకి ప్రత్యేకంగా రెండు మాటలు. మన కింద ఉన్నది నది తెచ్చి పోసిన మెత్తని మట్టి. బరువైన యంత్రాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిపితే పాత చోట సరిపోయిన లెవెల్ కొత్త చోట సరిపోదు, వర్షాకాలం వెళ్లాక అదే చోట కూడా మారవచ్చు. కాబట్టి యంత్రం కదిలించిన ప్రతిసారీ లెవెల్ చూసి ఆ కొలత పుస్తకంలో రాయండి, వారం తర్వాత మళ్లీ చూడండి. రెండోది తుప్పు. నరసాపురం, మొగల్తూరు వైపు ఉప్పు గాలికి మామూలు ఇనుప పిన్నులు, బుష్షులు తొందరగా పాడవుతాయి. నెల రోజులు పక్కన పెట్టిన జిగ్గుని తీసి నేరుగా ఎక్కించకండి. విప్పినప్పుడే నూనె రాసి, గుడ్డ చుట్టి, ఏ అమరికదో నంబరు కట్టి పెట్టండి. పుంజుకునే సమయం ఎక్కువైన చాలా సందర్భాల్లో నాకు కనిపించిన కారణం ఈ తుప్పు పిన్నే.

ఎనిమిదో మెట్టు: హెచ్చరిక గీతలు

వరద వస్తే కోనసీమలో అందరూ అడిగేది ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులు అనే. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెలు ముందే రాసి ఉన్నాయి కాబట్టే లంకల్లో ఎప్పుడు ఏం సర్దుకోవాలో వాదన ఉండదు. నీళ్లు వచ్చాక కూర్చుని గీతలు గీయరు. మీ మార్పు నష్టానికి కూడా అలాగే మూడు గీతలు ముందే గీయండి.

గీతలు ఎక్కడ? మీ సొంత పుస్తకంలోంచే. గత ఐదు మార్పుల నష్టాలను చిన్నదాని నుంచి పెద్దదానికి రాయండి. 38, 41, 45, 52, 60 అయితే, మధ్యలో ఉన్న 45 మొదటి హెచ్చరిక, 52 రెండోది, 60 మూడోది. సగటు వద్దు, ఒక్క చెడ్డ మార్పు సగటునంతా పైకి లాగేస్తుంది. వేరే ఊరి షెడ్డు అంకెలు అసలు వద్దు. వాళ్ల జిగ్గులు వేరు, మనుషులు వేరు.

లైను పుంజుకుంటున్నప్పుడు ప్రతి రెండు గంటలకీ అప్పటిదాకా పోయిన పీసులు కూడి బోర్డు మీద రాయండి. వరదలో లాగానే ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎంత వేగంగా పెరుగుతోందన్నదీ అంతే ముఖ్యం. గంటకి 4 చొప్పున పెరుగుతుంటే ఏమీ దిగట్లేదని అర్థం. గంటకి 1 చొప్పున పెరుగుతుంటే లైను దారిలో పడుతోంది, కాస్త ఓపిక పట్టవచ్చు.

మొదటి గీత దాటితే మేస్త్రి జిగ్గు పిన్నులు, లెవెల్, బోల్టుల బిగుతు మళ్లీ చూస్తాడు. రెండోది దాటితే లైను ఆపి, గేజీతో ప్రతి స్టేషను దగ్గర ఒక పీసు కొలుస్తారు, ఏ స్టేషను దగ్గర కొలత తప్పుతోందో తేలేదాకా మళ్లీ మొదలుపెట్టరు. మూడోది దాటితే ఓనరు ఆర్డరు ఇచ్చినవాళ్లకి అప్పుడే ఫోను చేసి కొత్త తేదీ చెబుతారు. డెలివరీ రోజు పొద్దున కాదు.

కొత్త మార్పు పూర్తయిన ప్రతిసారీ ఐదింటిలో అన్నిటికంటే పాతదాన్ని కొట్టేసి కొత్తది రాయండి, గీతలు మళ్లీ గీయండి. రాకపోకల పట్టికలో ఆ గడిని కూడా అదే రోజు దిద్దండి.